ఫోన్ స్పీకర్‌లో వినపడని వాద్యం: కవర్ బ్యాండ్ బేసిస్ట్ బ్యాగులో ఏముంటుంది?

ఏ ఫోన్ రివ్యూ చూసినా "స్పీకర్లలో బేస్ బాగుంది" అన్న మాట ఒకటి ఉంటుంది. నిజానికి ఫోన్ స్పీకర్‌లో బేస్ అనేదే ఉండదు. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికంటే లావుపాటి 'ఈ' స్ట్రింగ్ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. దాని తర్వాత 'ఏ' 55 హెర్ట్జ్, 'డీ' 73, 'జీ' 98. ఫోన్‌లో ఉండే గోరంత స్పీకర్ కొన్ని వందల హెర్ట్జ్ దగ్గరే చేతులెత్తేస్తుంది. మరి పాట వింటుంటే బేస్ ఉన్నట్టే అనిపిస్తుంది కదా అంటారా? అది మన మెదడు చేసే పని. 41 హెర్ట్జ్ స్వరంతో పాటు 82, 123, 164 ఇలా దాని రెట్టింపులు, మూడింతలు కూడా మోగుతాయి. ఆ పైవి వినిపిస్తే చాలు, కింద ఉండాల్సిన అసలు స్వరాన్ని మెదడే పూరించుకుంటుంది. దీన్ని 'మిస్సింగ్ ఫండమెంటల్' అంటారు. బ్లూటూత్ స్పీకర్లలో వచ్చే 'బేస్ బూస్ట్' మోడ్‌లలో చాలావాటి వెనక ఉన్న ట్రిక్ కూడా ఇదే.

నేను వారమంతా కోడ్ రాస్తాను, శని ఆదివారాలు గన్నవరం నుంచి విజయవాడ, గుడివాడ, హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల ఒక కవర్ బ్యాండ్‌లో బేస్ వాయిస్తాను. "బ్రో, ఏ బేస్ కొనాలి, ఏ పెడల్ కొనాలి" అని మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. మోడల్ పేర్లు చెప్పడం పెద్ద పని కాదు. ఫంక్షన్ హాల్లో ఆ గేర్ ఎందుకు పనిచేస్తుందో, ఎందుకు మొరాయిస్తుందో తెలిస్తే మీ డబ్బులు మిగులుతాయి. అందుకే ఈ ఆర్టికల్.

అసలు బేసిస్ట్ అవసరమా?

ముందు చేదు నిజం. మన వైపు పెళ్లి ఆర్కెస్ట్రాల్లో బేస్ గిటార్ ఉండి తీరాలని ఎవరూ అనుకోరు. కీబోర్డ్ ప్లేయర్ ఎడమ చెయ్యి బేస్ వాయించేస్తుంది, ఆక్టోప్యాడ్ మీద ఒకరు డ్రమ్స్ మొత్తం లాగించేస్తారు, ఇంకా మిగిలింది ల్యాప్‌టాప్‌లో ట్రాక్ చూసుకుంటుంది. బడ్జెట్ తగ్గించమని పెళ్లివారు అడిగిన రోజు మొదట కట్ అయ్యేది మనమే. ఇందులో అన్యాయం ఏమీ లేదు. వినేవాళ్లకి తేడా తెలియకపోతే వాళ్లెందుకు డబ్బులివ్వాలి?

తేడా తెలిసే సందర్భాలు రెండున్నాయి. ఒకటి, పెళ్లికొడుకు ఫ్రెండ్స్ స్టేజి ముందుకొచ్చి ఊగుతున్నప్పుడు. సింగర్ పల్లవిని ఇంకో నాలుగుసార్లు తిప్పుతుంది, మధ్యలో పాటలన్నీ ఆపి డ్రమ్స్ మీద ఒక్కటే నడిపిస్తుంది. ట్రాక్ ఆగదు, దానికి జనం కనపడరు. డ్రమ్మర్, బేసిస్ట్ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని ఎంతసేపైనా లాగగలరు. రెండోది, ఇళయరాజా పాటలు. 'అభినందన', 'గీతాంజలి', 'జగదేకవీరుడు అతిలోకసుందరి' సినిమాల పాటలు అడగని రిసెప్షన్ నాకు తగల్లేదు. ఆయన పాటల్లో బేస్ కింద కూర్చుని తాళం వెయ్యదు, పాట పక్కన ఇంకో రాగంలా నడుస్తుంది. కీబోర్డ్ మీద ఎడమ చేత్తో దాన్ని వాయిస్తూ కుడి చేత్తో వయొలిన్లు, ఫ్లూట్ కూడా చూసుకోవడం ఎవరికైనా కష్టమే. ఏ.ఆర్. రెహమాన్ కచేరీల్లో మోహినీ డేని చూశాక బేస్ మీద మోజు పడ్డవాళ్లు నాకు చాలామంది తెలుసు, వాళ్లకి నేనిచ్చే సలహా మాత్రం ముందు ఇళయరాజా దగ్గర కూర్చోమనే.

బేస్: స్పెక్ షీట్‌లో చూడాల్సింది ఒక్కటే

మొదటి బేస్‌కి 20 వేల చుట్టుపక్కల చాలు. యమహా టీఆర్‌బీఎక్స్ 174, ఐబనీజ్ జియో జీఎస్ఆర్ 200, ఫెండర్ వాళ్ల స్క్వైర్ సిరీస్, ఈ మూడిట్లో చేతికి ఏది హాయిగా ఉంటే అది. కలప పేరు, బాడీ రంగు మర్చిపోండి. పికప్‌లు ఏమిటో చూడండి.

పికప్ అంటే అయస్కాంతం చుట్టూ రాగి తీగ చుట్ట. స్టీల్ తీగ దాని మీద కంపిస్తే చుట్టలో చిన్న కరెంట్ పుడుతుంది. చిక్కేమిటంటే ఆ చుట్ట తీగని మాత్రమే వినదు. ఎల్ఈడీ వాల్ పవర్ సప్లై, లైట్ల డిమ్మర్లు, జనరేటర్ వైర్లు, అన్నిటినీ వింటుంది. ఒకే చుట్ట ఉంటే సింగిల్ కాయిల్, హమ్ వస్తుంది. లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్‌లో మొదట ఇదే ఉండేది. 1957లో దాన్ని రెండు ముక్కలు చేసి, ఒకదానికొకటి ఎదురు తిరిగేలా చుట్టారు. బయట నుంచి వచ్చే హమ్ రెండింటిలో ఎదురెదురుగా పుట్టి కొట్టుకుపోతుంది, తీగల సౌండ్ మాత్రం మిగులుతుంది. మన ఫోన్లలో నాయిస్ క్యాన్సిలేషన్ చేసే పనిని రెండు తీగచుట్టలతో, బ్యాటరీ లేకుండా చేశారన్నమాట. స్పెక్ షీట్‌లో 'పీజే' అని ఉంటే మెడ వైపు ఈ పీ పికప్, బ్రిడ్జ్ వైపు జాజ్ బేస్ తరహా సింగిల్ కాయిల్ ఉన్నాయని అర్థం. లైటింగ్ బీభత్సంగా ఉన్న స్టేజి మీద 'పీ' ఒక్కటే పెట్టి వాయిస్తే బతికిపోతారు.

యాక్టివ్ బేస్‌లో 9 వోల్ట్ బ్యాటరీ ఉంటుంది. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ అది ఖర్చవుతుంది, వాయించినా వాయించకపోయినా. భోజనాల బ్రేక్‌లో కేబుల్ తీసేయండి. ఐదు తీగల బేస్ కొనాలా అని అడిగేవాళ్లకి నా జవాబు: సింగర్ల కోసం కొనొచ్చు. "ఈ రోజు గొంతు బాలేదండీ, ఒక స్కేల్ దించుదాం" అని స్టేజి ఎక్కే ముందు చెప్పడం మామూలే. నాలుగు తీగల మీద 'ఈ' కంటే కిందికి పోలేం. ఐదో తీగ 31 హెర్ట్జ్ దాకా తీసుకెళ్తుంది. అక్కడి స్వరాల్ని హాల్లో స్పీకర్లు పలికిస్తాయా అన్నది వేరే ప్రశ్న. అద్దెకొచ్చే సిస్టమ్‌లో సబ్‌వూఫర్లు లేకపోతే మళ్లీ మిస్సింగ్ ఫండమెంటలే గతి.

హమ్ 'జీ' స్వరంలో వస్తుంది

మన కరెంట్ 230 వోల్ట్‌లు, 50 హెర్ట్జ్. 'ఈ' తీగ మీద మూడో ఫ్రెట్ నొక్కితే వచ్చే 'జీ' స్వరం 49 హెర్ట్జ్. అంటే హాల్లో వచ్చే హమ్ మన 'జీ' స్వరం కంటే పిసరంత ఎక్కువ శ్రుతిలో మోగుతుంది. దాని రెట్టింపు 100 హెర్ట్జ్, ఓపెన్ 'జీ' తీగ 98. గిటారిస్ట్ అయితే ఈక్వలైజర్‌లో కింది భాగం కోసేసి హమ్ వదిలించుకోవచ్చు. మనం కోస్తే మన స్వరాలే పోతాయి. అందుకే బేసిస్ట్ అన్నవాడు హమ్ ఎక్కడ పుడుతుందో పట్టుకోవాలి, దాచెయ్యడం కుదరదు.

పట్టుకునే పద్ధతి చాలా సింపుల్. బేస్ మీద వాల్యూమ్ నాబ్ సున్నా చెయ్యండి. హమ్ పోయిందంటే అది పికప్ ద్వారా వస్తోంది. నిలబడ్డ చోటే కొంచెం పక్కకి తిరిగి చూడండి, ఒక దిక్కున బాగా తగ్గుతుంది. నాబ్ సున్నా చేసినా హమ్ అలాగే ఉందంటే బేస్ తప్పు కాదు, ఆ తర్వాత కేబుల్‌లోనో ఎర్త్‌లోనో ఉంది. స్టేజి మీద మీ యాంప్ ఒక ప్లగ్‌లో, హాల్ చివర మిక్సర్ ఇంకో ప్లగ్‌లో ఉంటే, రెండు ఎర్త్‌ల మధ్య కొద్దిపాటి వోల్టేజ్ తేడా ఉంటుంది. మీ ఆడియో కేబుల్ ఆ రెండింటినీ కలుపుతుంది. దాంట్లోంచి కరెంట్ పారి హమ్ పుడుతుంది. ఇదే గ్రౌండ్ లూప్.

దీనికి మందు డీఐ బాక్స్. అరచేతిలో పట్టే ఇనప డబ్బా. బేస్ సిగ్నల్‌ని బ్యాలెన్స్‌డ్‌గా మారుస్తుంది, అంటే ఒకే సిగ్నల్‌ని రెండు వైర్లలో ఒకటి తిన్నగా, ఒకటి తలకిందులుగా పంపుతుంది. దారిలో చేరిన చెత్త రెండు వైర్లలోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి మిక్సర్ రెండింటి తేడా తీసుకోగానే చెత్త పోతుంది. 50 మీటర్ల కేబుల్ లాగినా ఫర్వాలేదు. దాని మీద 'గ్రౌండ్ లిఫ్ట్' అనే చిన్న స్విచ్ ఉంటుంది, అది నొక్కితే లూప్ తెగుతుంది. నన్నడిగితే ఎఫెక్ట్స్ పెడల్ కంటే ముందు కొనాల్సింది ఇదే. జూమ్ బీ1 ఫోర్ లాంటి మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ నాకు ఇష్టం, నాలుగు డబుల్ ఏ బ్యాటరీల మీద నడుస్తుంది కాబట్టి కరెంట్ గొడవే లేదు. కానీ దానికి ఎక్స్‌ఎల్ఆర్ అవుట్‌పుట్ లేదు. డీఐ బాక్స్ విడిగా ఉండాల్సిందే.

ఒక ఫంక్షన్ హాల్లో సౌండ్ సిస్టమ్ అన్నకీ నాకూ జరిగిన సంభాషణ ఇది.

"తమ్ముడూ, గుయ్ అంటుంది. ప్లగ్గులో మూడో పిన్ను పీకేయ్, పోద్ది."

"పిన్ను వద్దన్నా, డీఐలో లిఫ్ట్ నొక్కుతా."

"ఏదైనా ఒకటే కదా."

"ఒకటి కాదన్నా. లిఫ్ట్ నొక్కితే సౌండ్ వైర్‌లో ఎర్త్ తెగుద్ది, నాకు కరెంట్ ఎర్త్ ఉండే ఉంటది. పిన్ను పీకితే నాకే ఎర్త్ ఉండదు."

ఇది ప్రాణాలకి సంబంధించిన విషయం కాబట్టి ఇంకో నాలుగు మాటలు. బేస్ తీగలు బ్రిడ్జ్ ద్వారా గ్రౌండ్‌కి కలిసి ఉంటాయి. మీ యాంప్‌కి ఎర్త్ లేక, లోపల ఎక్కడో ఫేజ్ బాడీకి తగిలితే తీగల్లోకి కరెంట్ వస్తుంది. మీ చేతులు తీగల మీద, పెదవులు మైక్ మీద. మైక్ వేరే ఎర్త్ మీద ఉంది. మధ్యలో వైరు మీరే. 1972 మేలో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బ్యాండ్ గిటారిస్ట్ లెస్ హార్వీ ఇలాగే, ఎర్త్ సరిగా లేని మైక్ పట్టుకుని స్టేజి మీదే చనిపోయాడు. మన లాన్‌లలో, పొలం పక్క షామియానాల్లో జనరేటర్ ఎర్త్ రాడ్ కొట్టారో లేదో ఎవరూ అడగరు. బ్యాగులో ఒక మల్టీమీటర్ పెట్టుకోండి. ఏసీ వోల్టేజ్‌లో పెట్టి ఒక కొస తీగకి, ఇంకో కొస మైక్ జాలీకి ఆనించండి. దాదాపు సున్నా చూపించాలి. పదుల్లో చూపిస్తే ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఆ మైక్ జోలికి వెళ్లొద్దు. ఆలస్యమైతే ఆలస్యమైంది.

టీడబ్ల్యూఎస్ పెట్టుకుని వాయించొచ్చా?

వాయించలేరు. ఇది నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న, ఎందుకంటే అందరి జేబులో ఇయర్‌బడ్స్ ఉన్నాయి, ఇన్-ఇయర్ మానిటర్ సిస్టమ్ ఎవరి దగ్గరా లేదు.

గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. అంటే 1 మిల్లీసెకను ఆలస్యం అంటే 34 సెంటీమీటర్ల దూరం. మానిటర్ స్పీకర్‌కి రెండు మీటర్ల దూరంలో నిలబడితే 6 మిల్లీసెకన్లు ఆలస్యం, ఎవరికీ ఇబ్బంది లేదు. మామూలు ఎస్‌బీసీ కోడెక్‌తో బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో ఆలస్యం 200 మిల్లీసెకన్ల దరిదాపుల్లో ఉంటుంది. అది డ్రమ్మర్‌కి 68 మీటర్ల దూరంలో నిలబడి వాయించడంతో సమానం. 120 బీపీఎం పాటలో ఒక బీట్‌ని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క 125 మిల్లీసెకన్లు. మీకు వినపడేది ఒక ముక్కకంటే ఎక్కువ వెనకబడి ఉంటుంది. 'గేమింగ్ మోడ్ 45 మిల్లీసెకన్లు' అన్నా అది 15 మీటర్లు. గేమ్‌లో సర్దుకుపోవచ్చు, గ్రూవ్‌లో పోలేం. వీడియోలు చూసేటప్పుడు మీకు తేడా తెలియకపోవడానికి కారణం ప్లేయర్ యాప్ బొమ్మని కూడా అంతే వెనక్కి జరపడం. మీ వేళ్లని వెనక్కి జరిపే యాప్ రాలేదు.

అందుకని వైర్. ఓ వెయ్యి, రెండు వేలలో కేజడ్ లాంటి బ్రాండ్ల వైర్డ్ ఇయర్‌ఫోన్స్, మిక్సర్ నుంచి వచ్చే కేబుల్‌కి బెరింగర్ పీ2 లాంటి చిన్న హెడ్‌ఫోన్ యాంప్. నిలబడి వాయించే బేసిస్ట్‌కి వైర్ వల్ల పోయేదేమీ లేదు. ఇంట్లో ఫోన్‌కి ఓటీజీతో ఆడియో ఇంటర్‌ఫేస్ తగిలించి ప్రాక్టీస్ చేసేవాళ్లకి కూడా ఇదే లెక్క. ఐఫోన్‌లో ఇబ్బంది తక్కువ, ఆండ్రాయిడ్‌లో ఫోన్‌ని బట్టి మారుతుంది. 2017లో ఆండ్రాయిడ్ 8తో వచ్చిన ఏఆడియో తర్వాత పరిస్థితి మెరుగైంది కానీ, రివ్యూల్లో ఎవరూ ఈ నంబర్ కొలవరు. మా సైట్‌లో కొలవాలని నా కోరిక, ఎడిటర్ వింటున్నారని ఆశ.

బేస్ నుంచి యాంప్‌కి పోయే 2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ గుబ్బలు మాత్రం వేరే జాతి. అవి బ్లూటూత్ కావు, ఆలస్యం కొద్ది మిల్లీసెకన్లే. వాటితో చిక్కు జనం. వైఫై, బ్లూటూత్, వీడియోగ్రాఫర్ల డీజేఐ, రోడ్ వైర్‌లెస్ మైకులు, చాలా డ్రోన్‌లు, అన్నీ ఆ 2.4 లోనే ఉంటాయి. పైగా జియో, ఎయిర్‌టెల్ 4జీకి వాడే బ్యాండ్ 40 అనేది 2300 నుంచి 2400 మెగాహెర్ట్జ్, అంటే గోడకి అవతలే. సౌండ్ చెక్ సాయంత్రం 5 గంటలకి ఖాళీ హాల్లో అద్భుతంగా జరుగుతుంది. 8 గంటలకి 600 మంది, 600 ఫోన్‌లు. తలంబ్రాల టైంలో సిగ్నల్ తెగడం మొదలవుతుంది. ట్యాబ్‌తో నడిపే బెరింగర్ ఎక్స్ఆర్18 లాంటి మిక్సర్‌కీ ఇదే జబ్బు, దాని లోపలి వైఫైని నమ్ముకోకుండా బయట ఒక 5 గిగాహెర్ట్జ్ రూటర్ తగిలిస్తే గండం గడుస్తుంది. నా బ్యాగులో వైర్‌లెస్ ఉన్నా, 6 మీటర్ల కేబుల్ కూడా ఎప్పుడూ ఉంటుంది.

ఫోన్ నిజంగా పనికొచ్చేది ఇక్కడ

పాటలోంచి బేస్ విడదీయడంలో. డీజర్ సంస్థ 2019లో స్ప్లీటర్‌ని ఓపెన్ సోర్స్ చేసింది, మెటా వాళ్ల డెముక్స్ కూడా ఉంది. పాట ఇస్తే గొంతు, డ్రమ్స్, బేస్, మిగతావి అని నాలుగు ఫైళ్లు చేసిస్తుంది. పైథాన్ వచ్చినవాళ్లు ల్యాప్‌టాప్‌లో ఉచితంగా నడుపుకోవచ్చు, రానివాళ్లకి మోయిసెస్ లాంటి యాప్‌లున్నాయి. ఎనభైల నాటి పాటల్లో మృదంగం, తబలా దెబ్బల్ని అప్పుడప్పుడు బేస్ అనుకుని అందులో పడేస్తుంది. ఆ మోడల్స్ ఎక్కువగా నేర్చుకున్నది పాశ్చాత్య సంగీతం మీద, వాటికి డగ్గా ఎడమ చేతి గుమ్‌కీ అలవాటు లేదు. అయినా ముందు ఒక పాటకి మూడు రాత్రులు పట్టేది, ఇప్పుడు ఒక గంట. పిచ్ మారకుండా 0.75 స్పీడ్‌లో పెట్టి, బేస్ ఒక్కటే హెడ్‌ఫోన్స్‌లో వినండి. ఫోన్ స్పీకర్‌లో వద్దు, కారణం మొదటి పేరాలోనే చెప్పాను.

చెవులు, టైము, చట్టం

స్టేజి మీద 100 డెసిబెల్స్ మామూలు విషయం. అమెరికా సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ అయితే రోజుకి 8 గంటలు సేఫ్, పైన ప్రతి 3 డెసిబెల్స్‌కి టైం సగం అవుతుంది. 100 దగ్గరికొచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలు. మన షో మూడు గంటలు. దూది పెట్టుకుంటే పై ఫ్రీక్వెన్సీలు మాత్రమే పోయి అంతా బురదలా వినిపిస్తుంది. ఎటిమోటిక్ ఈఆర్20 లాంటి మ్యుజిషియన్ ప్లగ్‌లు అన్నిటినీ దాదాపు సమానంగా తగ్గిస్తాయి. బేస్ ధరతో పోలిస్తే చాలా తక్కువ, చెవికి సర్వీస్ సెంటర్ లేదు.

రాత్రి 10 దాటితే, శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం ఆరుబయట లౌడ్‌స్పీకర్ కుదరదు. మూసి ఉన్న ఆడిటోరియం, బాంక్వెట్ హాల్ లాంటివాటికి మినహాయింపు ఉంది. లాన్‌లో షో ఒప్పుకునేటప్పుడు ఈ తేడా గుర్తుపెట్టుకుని పాటల లిస్ట్ వేసుకోండి. వధూవరులు స్టేజి ఎక్కేదే తొమ్మిదింటికి కాబట్టి మంచి పాటలు ముందు వాయించేయాలా, దాచుకోవాలా అన్నది ప్రతి బ్యాండ్‌లోనూ తెగని పంచాయితీ.

కవర్ పాటలకి హక్కుల సంగతి: పెళ్లి, దానికి సంబంధించిన వేడుకల్లో వాయించడాన్ని కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(జెడ్ఏ) ఉల్లంఘనగా చూడదు. 2023 జులైలో కేంద్ర ప్రభుత్వ డీపీఐఐటీ విభాగం కూడా నోటీసు ఇచ్చి ఇదే స్పష్టం చేసింది. అదే పాటని కేఫ్‌లో టికెట్ పెట్టి వాయిస్తే లైసెన్స్ కావాలి. రీల్‌గా పెడితే మ్యూట్ అవ్వొచ్చు. పెళ్లి మినహాయింపు పెళ్లి పందిరి దాకానే.

మూఢంలో సర్వీసింగ్

మా క్యాలెండర్ పంచాంగం చేతిలో ఉంటుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వస్తే వారానికి రెండు షోలు, ఒక్కో రాత్రికి ఖర్చులు పోను మనిషికి 2, 3 వేలు మిగిలితే సంతోషం. ఆషాఢం, పుష్యం, మూఢం వస్తే ఖాళీ. గేర్ రిపేర్లన్నీ అప్పుడే.

డెల్టా వాతావరణం బేస్‌కి పగ. మేలో ఎండకి ఆరిన మెడ జులై తేమకి ఉబ్బి వంగుతుంది, తీగలు ఫ్రెట్‌ల మీద నుంచి పైకి లేస్తాయి. మెడ లోపల ట్రస్ రాడ్ అనే ఇనప కడ్డీ ఉంటుంది, ఆలెన్ కీతో ఒకసారికి పావు చుట్టు తిప్పి ఒక రోజు ఆగి చూడాలి. భయమైతే తెలిసినవాళ్ల చేత చేయించండి. పనసకర్రతో వీణలు చేసే నూజివీడు మాకు కూతవేటు దూరం. అక్కడివాళ్లకి తేమ, కర్ర గురించి తెలిసినంత ఏ యూట్యూబ్ ఛానల్‌కీ తెలియదు, కాకపోతే వాళ్ల వాద్యంలో ట్రస్ రాడ్ లేదు. బేస్‌ని కారు డిక్కీలో ఎండకి వదలొద్దు, గిగ్ బ్యాగులో నాలుగు సిలికా జెల్ పొట్లాలు వెయ్యండి, షో అయ్యాక తీగలు పొడి గుడ్డతో తుడవండి. పాతబడి మొద్దుబారిన తీగల్ని పది నిమిషాలు నీళ్లలో మరగబెడితే చెమట, జిడ్డు పోయి ఒకటి రెండు షోలకి మళ్లీ గలగలమంటాయి. నాలుగు తీగల సెట్ వెల చూస్తే ఆ గిన్నె అమ్మ దగ్గర ఎలా అడగాలో మీకే తడుతుంది.

హైదరాబాద్‌కో బెంగళూరుకో షో పడి గన్నవరం నుంచి ఫ్లైట్ ఎక్కాల్సి వస్తే: క్యాబిన్ బ్యాగ్ పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 115 సెంటీమీటర్లు, బరువు 7 కిలోలు. బేస్ పొడవొక్కటే దాదాపు 115. హార్డ్ కేస్‌లో చెక్-ఇన్ చెయ్యాలి. తీగలు రెండు చుట్లు వదులు చెయ్యండి, వైర్‌లెస్ గుబ్బలు, పవర్ బ్యాంక్ లాంటి లిథియం బ్యాటరీ సామాన్లు బయటికి తీసి చేతి బ్యాగులో పెట్టుకోండి. డీఐ బాక్స్ స్కానర్‌లో ఇనప ఇటుకలా కనపడుతుంది కాబట్టి అది కూడా పైనే ఉంచుకుంటే, అడిగినప్పుడు తీసి చూపించొచ్చు.